కళ్లముందే విప్పిన కానుక

మా ఇంట్లో మర్యాదకు లోటు లేదు. ఈ మాట మా మామే చెబుతాడు కాబట్టి నమ్మక తప్పదు. ఆ మర్యాద ఎంత నిండుగా ఉండేదంటే, నాలుగేళ్ల కిందట జపాను నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి చేతిలోని పొట్లాన్ని ఆయన ఇవ్వకముందే అందుకుని, ఆయన ఎదుటే చించి చూశాం. చించమని సలహా ఇచ్చింది నేను. ఆ రోజు నా డైరీలో ఒకే ఒక్క వాక్యం ఉంది: "ఈ రోజు విశేషాలు లేవు." డైరీకి కూడా నిజం చెప్పలేని పిరికితనం నాది.

గూడూరులో మాది అబ్రకం షెడ్డు. గనుల నుంచి వచ్చిన అబ్రకం ముక్కలకు ఆడవాళ్లు చిన్న కొడవళ్లతో అంచులు కోసి, కత్తి మొనతో ఉల్లిపొర కన్నా పలచగా రేకులు విడదీస్తారు. నలభైమంది. సాయంత్రం పని దిగి పోతుంటే వాళ్ల చీరలూ చేతులూ కనురెప్పలూ మెరుస్తుంటాయి. తెలియనివాళ్లు చూస్తే ఏ జమీందారు పెళ్లి నుంచో వస్తున్నారనుకుంటారు. ఆ రేకులు ఓడలెక్కి పోయి, పరదేశాల్లో కరెంటు యంత్రాల్లో చేరతాయట. వాళ్లలో సగం మంది ఇళ్లలో అప్పటికి కరెంటు దీపం లేదు. అది వేరే సంగతి.

నాన్న తెలుగు ఐదో తరగతితో చదువు ఆపేశాడు. ఇంగ్లీషు ఉత్తరాలు చదవడం, జవాబులు టైపు కొట్టడం నా పని. నలుగురిలో నోరు విప్పని పిల్లకు అంతకన్నా మంచి ఉద్యోగం ఉండదు. యంత్రం నా తరఫున "డియర్ సర్" అంటుంది, నేను తలుపు వెనక ఉండిపోవచ్చు.

ఆ ఏడు వేసవిలో ఇంగ్లండులో మా సరుకు కొనే కంపెనీ ఒక ఉత్తరం రాసింది. అందులో "చింతిస్తున్నాము" అనే మాట మూడు చోట్ల ఉంది. అంత చింతపడి వాళ్లు కొనడం మానేశారు. ఉత్తరం తెలుగులో చెప్పడం పూర్తిచేసేసరికి నాన్న కుర్చీలోంచి లేచి షెడ్డు గుమ్మం దాకా వెళ్లి, లోపలికి పోకుండా వెనక్కి వచ్చాడు. తర్వాత మద్రాసు ఏజెంటు దగ్గర్నుంచి కబురు వచ్చింది. జపాను నుంచి ఒక కొనుగోలుదారు వస్తున్నాడు, గూడూరులో మూడు షెడ్లు చూస్తాడు, అందులో మాదొకటి.

"ఆయన తీసుకుంటే షెడ్డు ఉంటాది," అన్నాడు నాన్న. "లేదంటే దసరాకి తాళమే. ఆ నలభైమందికీ నేనే పోయి చెప్పాల."

షెడ్డు మూతపడితే నా టైపు యంత్రం కూడా మూతపడుతుంది. ఆ సంగతి ఎవరూ అనలేదు, నేనూ అనలేదు.

సరుకు గురించి ఎవరికీ బెంగ లేదు. బెంగంతా వచ్చే మనిషికి ఏమివ్వాలనే. మా అక్క పురుటికని అమ్మ కావలి వెళ్లి ఉంది. ఇల్లు మేనత్త చేతిలో ఉంది, ఇంటి పరువు మామ చేతిలో ఉంది. మామ, అంటే అమ్మ తమ్ముడు, ఒకప్పుడు పన్ను పీకించుకోవడానికి మద్రాసులో పదిహేను రోజులున్నాడు. అప్పటినుంచీ పరదేశస్థుల విషయంలో మా ఇంటికి ఆయనే ప్రమాణం.

"వెండి గ్లాసులు, బావా. ఆరు," అన్నాడు మామ. "కాదనేదానికి ఆయనకే మొగమాటంగా ఉండాల. దొరలకి అట్టా ఇస్తేనే లెక్క."

"జపానోళ్లు దొరలు కాదు గదా అబ్బయ్యా," అంది అత్త, చేటలో బియ్యం చెరుగుతూ.

"సముద్రం దాటొచ్చినోళ్లంతా ఒకటే వదినా. నీకు తెలీదు."

మా సరుకుకు చెక్కపెట్టెలు కొట్టే సాయిబు గారు అప్పుడే కొలతలు అడగడానికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఉదయగిరి మనిషి. పనితనం చేతిలో ఎంత ఉందో నాలుక మీదా అంతే ఉంది. "ఆయన మన సరుకు చూసేదానికి వస్తున్నాడా అన్నా, మన బిడ్డను చూసేదానికి వస్తున్నాడా? వెండి సామాను పెట్టేదానికి!" అన్నారు.

నాన్న నవ్వలేదు. తలుపు వైపు తిరిగి, "అమ్మాయ్, నువ్వు చదువుతావే మర్యాదల పుస్తకం, దాంట్లో ఏముంది?" అన్నాడు.

నా బతుకులో నన్ను సలహా అడగడం అదే మొదటిసారి. ఆ పుస్తకం మద్రాసులో పాతపుస్తకాల గుట్టలో దొరికింది. అట్ట సగం లేదు. ఏ ఫోర్కు ఎటువైపు పెట్టాలో, బట్లరుతో ఎంత ముక్తసరిగా మాట్లాడాలో అందులో ఉంటుంది. గూడూరులో బట్లరు లేకపోయినా నేను దాన్ని రెండుసార్లు చదివాను. కానుకల గురించి ఒక ప్రకరణం ఉంది. నోటితో చెప్పలేక, చీటీ మీద మూడు ముక్కలు రాసి తలుపు సందులోంచి అందించాను. వ్యాపారం మీద వచ్చినవారికి ఖరీదైన వస్తువు ఇస్తే లంచంలా ఉంటుంది. వారేదైనా ఇస్తే వెంటనే వారి కళ్లముందే విప్పి సంతోషం చూపాలి. విప్పకుండా పక్కన పెడితే కానుక నచ్చలేదని అర్థం.

"ఇచ్చినోళ్ల ముందే విప్పేదేంది?" అంది అత్త. "ఎంత తెచ్చినారో చూసుకున్నట్టు ఉండదూ? మనం ఎప్పుడన్నా చేసినామా?"

"మనం చేసేది గూడూరు మర్యాద. ఇది ఇంగ్లీషు మర్యాద," అన్నాడు మామ. లంచం ముక్క ఆయనకు నచ్చలేదు కానీ, పుస్తకం ఇంగ్లీషుది కాబట్టి మిగతా రెండింటికీ తల వంచాడు.

చివరికి సాయిబు గారు తన ఊళ్లో చెక్కే కొయ్య చెంచాలు ఒక జత తెప్పించి, వాటికి చిన్న పెట్టె చేసి ఇచ్చారు. చెంచా పిడి మీద వేలిగోరంత ఆకులు చెక్కి ఉన్నాయి. నాకు ఎంతో బాగా అనిపించాయి.

"గరిటెలా!" అన్నాడు మామ. "అంత దూరం నుంచి వచ్చిన మనిషికి గరిటెలా! ఇంటికి పోయి పప్పు తిప్పుకోవాల్నా ఆయన?"

ఆ వారమంతా నాన్న అద్దం ముందు నిలబడి "హౌ కైండ్ ఆఫ్ యూ!" అనడం సాధన చేశాడు. మొహంలో సంతోషం ఉండాలని నా చీటీలో రాశాను కాబట్టి పళ్లన్నీ బయటపెట్టి అనేవాడు. షెడ్డులో ఒకామె అది కిటికీలోంచి చూసి, అయ్యగారికి పంటినొప్పేమో, పరదేశం మామను అడిగి మందేసుకోమనమని నాతో అంది.

ఆయన వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. యాభై దాటిన పొట్టి మనిషి, నల్ల కోటు, మెడ దాకా బొత్తాలు. వెంట మద్రాసు ఏజెంటు. ఏజెంటు తమిళాయనే అయినా తెలుగు బాగానే మాట్లాడతాడు. ఆయనకూ జపాను ఆయనకూ మధ్య ఇంగ్లీషు నడుస్తుంది. జపాను ఆయన గుమ్మంలో నడుం దాకా వంగాడు. నాన్న అంతకన్నా వంగాడు. ఆయన మళ్లీ వంగాడు. మామ కూడా కలిశాడు. కాసేపు మా వసారాలో ముగ్గురు మగవాళ్లు పోగొట్టుకున్న ఉంగరం వెతుకుతున్నట్టుంది.

కూర్చున్నాక ఆయన ఒడిలో ఊదారంగు గుడ్డలో కట్టిన పొట్లం పెట్టుకుని, ముడి మెల్లగా విప్పడం మొదలుపెట్టాడు. ఆయన గుడ్డ తీసి మడిచి, లోపలి పెట్టె మాత్రమే ఇవ్వబోతున్నాడని మాకు ఎలా తెలుస్తుంది? ముడి రాక అవస్థపడుతున్నాడనుకున్నాం. "ఇయ్యండి, ఇయ్యండి, నేను చూస్తా," అని నాన్న గుడ్డతో సహా పొట్లం అందుకున్నాడు. నేను వంటింటి తలుపు సందులోంచి చూస్తున్నాను. నా పుస్తకం ఇంత చురుగ్గా అమలవుతుందని అనుకోలేదు.

గుడ్డ కింద తెల్ల కాగితం. దాన్ని చించాడు. దాని కింద చెక్కపెట్టె. పెట్టెలో మళ్లీ కాగితం. మళ్లీ చించాడు. ఒక్కో కాగితం చినిగినప్పుడల్లా జపాను ఆయన చూపు ఒక్కో జానెడు కిందికి దిగి, చివరికి తన బూట్ల మీద ఆగింది. చివరికి తేలినవి ఒక సన్నమూతి సీసా, చిన్న చిన్న పింగాణీ గిన్నెలు.

"హౌ కైండ్ ఆఫ్ యూ!" అన్నాడు నాన్న, పళ్లన్నీ బయటపెట్టి.

కాఫీ తెచ్చిన అత్త ఆ గిన్నెలు చూసి ఆగింది. "ఏందబ్బా ఇవి, ఉగ్గు గిన్నెలా? ఇంట్లో పసిబిడ్డ లేదని తెలీదేమో పాపం."

ఏజెంటు గొంతు సవరించుకున్నాడు. "అది కాదమ్మా. వాళ్ల దేశంలో బియ్యంతో ఒక దినుసు కాస్తారు. దాన్ని వెచ్చజేసి తాగేదానికి."

అప్పట్లో మా జిల్లాలో మద్యనిషేధం. మామ చటుక్కున లేచి వీధివైపు కిటికీ మూసి వచ్చాడు. సీసా ఖాళీదేనని ఏజెంటు చెప్పాక గిన్నెలు లెక్కపెట్టాడు. "ఐదే ఉండాయే? ఆరోది యాడ?" అంటూ చించిన కాగితాలు ఎత్తి, దులిపి, కుర్చీ కింద కూడా చూశాడు. వాళ్ల దేశంలో ఐదే ఒక సెట్టని మాకేం తెలుసు? జపాను ఆయనకు తెలుగు రాదు. వచ్చి ఉంటే ఇంకా మేలేమో. రాని మనిషికి, తాను ఇచ్చింది చాలక కాగితాలు వెతుకుతున్నారనే తోచి ఉంటుంది.

తర్వాత మా చెంచాల పెట్టె. ఎర్ర రిబ్బను నేనే కట్టాను. ఆయన రెండు చేతులా అందుకుని, నుదురు దాకా ఎత్తి, వంగి, ఎంతో జాగ్రత్తగా పక్కన బల్ల మీద పెట్టాడు.

అందరం ఎదురు చూశాం. ఆయన కాఫీ తాగాడు. మేం ఇంకా ఎదురు చూశాం. ఆయన గోడ మీది కాలెండరు చూశాడు. రిబ్బను అలాగే ఉంది. మామ తలుపు సందువైపు తిరిగి నన్ను ఒక చూపు చూశాడు.

ఆయన షెడ్డులో రెండు గంటలు తిరిగాడు. భూతద్దం పెట్టి రేకుల్లో మచ్చలు వెతికాడు. విప్పని పెట్టె చంకలో పెట్టుకుని టూరిస్టు బంగళాకు వెళ్లిపోయాడు.

"నచ్చలేదు," అన్నాడు నాన్న. "పుస్తకంలో ఉందే. విప్పకపోతే నచ్చనట్టే."

"గరిటెలు బావా, గరిటెలు!" అన్నాడు మామ. "పెట్టె మీంచే కనిపెట్టుంటాడు. రేపు పొద్దున బండెక్కేలోగా వెండి గ్లాసులు తీసుకుపోతా. చెడింది సరిచెయ్యకపోతే ఎట్టా?"

సాయిబు గారు ఆ సాయంత్రం వచ్చి, "పెట్టె నచ్చలేదంటనా, పెట్టెలోది నచ్చలేదంటనా?" అని అడిగారు. విప్పనే లేదని విని, "అయితే నాకేం పర్లేదు," అని వెళ్లిపోయారు. అందరికన్నా తేలిగ్గా బయటపడింది ఆయనే.

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. షెడ్డులో ఆడవాళ్లు చేతులు కడుక్కుంటూ, "ఆయన మొగం ఎట్టుంది అమ్మే? నవ్వినాడా?" అని అడిగారు. చూడలేదని చెప్పాను.

చించిన కాగితాలు ఊడుస్తూ అత్త ఆ ఊదారంగు గుడ్డ దొరికించుకుంది. "ఇది ఆయన గుడ్డే. మరిచిపోయినాడు."

"గుడ్డే గదా, ఉండనీ వదినా," అన్నాడు మామ.

"ఒకరింటి నుంచి వచ్చిన గుడ్డ మనింట్లో పెట్టుకుంటామా? ఇచ్చెయ్యాల. ఉత్తదిగా ఎట్టా ఇస్తాం?"

మా ఇళ్లలో పొరుగింటి నుంచి గిన్నెలో కూర వస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగి పోదు. బెల్లం ముక్కో, చారెడు పప్పో పడి పోతుంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి నేను దాన్ని మర్యాదగా ఎప్పుడూ లెక్కించలేదు. అత్త ఆ గుడ్డ ఉతికి, ఆరేసి, కొడవలూరు పొలం నుంచి వచ్చిన మొలగొలుకుల బియ్యం చారెడు పోసి మూట కట్టింది. "అంత దూరం పోయే మనిషికి చారెడు బియ్యమా!" అని మామ తల పట్టుకున్నాడు. అత్త వినిపించుకోలేదు. "నువ్వు పట్టుకుపో అమ్మే. మగోళ్లు మరిచిపోతారు."

అలా పొద్దున్నే ముగ్గురం బంగళాకు బయల్దేరాం. నాన్న, పట్టుబట్ట కప్పిన వెండి గ్లాసుల పళ్లెంతో మామ, వెనక మూటతో నేను. దారిపొడవునా జనం పెళ్లిచూపులకనుకుని నన్ను పరీక్షగా చూశారు.

జపాను ఆయన కోటు వేసుకుని వరండాలో సిద్ధంగా ఉన్నాడు. మామ పళ్లెం ముందుకు చాపి పట్టుబట్ట తీశాడు. ఆయన మొహం గట్టిపడింది. చెయ్యి అడ్డంగా ఊపి ఏజెంటుతో ఏదో అన్నాడు.

"తీసుకోకూడదంట. వాళ్ల కంపెనీ ఒప్పుకోదంట," అన్నాడు ఏజెంటు.

"అట్టానే అంటారు పెద్దమనుషులు," అని మామ నవ్వుతూ పళ్లెం మరో అడుగు ముందుకు జరిపాడు. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. మామ మళ్లీ జరిపాడు. మా వైపు మూడుసార్లు బతిమాలాలి, అవతలివాళ్లు రెండుసార్లు కాదనాలి. ఆయన మూడోసారీ కాదన్నాడు. అప్పటికి వీపు గోడకు తగిలింది.

నాన్న మొహం చూడలేక నేను వెళ్లి మూటను ఆయన పక్కన బల్ల మీద పెట్టి వెనక్కి వచ్చేశాను. ఆయన తన గుడ్డను గుర్తుపట్టాడు. ముడి విప్పాడు. లోపల బియ్యం. కొన్ని గింజలు అరచేతిలో వేసుకుని, నిన్న అబ్రకాన్ని చూసినట్టే వెలుగుకు పెట్టి చూశాడు. ఏజెంటుతో చాలాసేపు మాట్లాడాడు.

"ఎవరు పెట్టినారని అడుగుతున్నాడు," అన్నాడు ఏజెంటు. "గుడ్డ గానీ గిన్నె గానీ వెనక్కొస్తే ఉత్తగా రాకూడదంట వాళ్లకి. ఈయన తల్లి ఇంకేం లేకపోతే అగ్గిపెట్టె అన్నా వేసి పంపేదంట. మీకెట్టా తెలుసు అంటున్నాడు." తర్వాత కొంచెం గొంతు తగ్గించాడు. "నిన్న మీరు ఆయన ముందే చించినారు గదండీ. వాళ్లలో అట్టా విప్పరంట. వెల చూసుకున్నట్టు ఉంటాదంట. పొరపాటున తక్కువది తెచ్చినానేమోనని రాత్రి సరిగా తినలేదంట."

నాన్న తల దించుకున్నాడు. తప్పు నాదేనని చెప్పడానికి చీటీ లేదు, పెన్సిలు లేదు, తలుపు లేదు. నోరే ఉంది. నేను ఇంగ్లీషులో, ఎవరి వైపూ చూడకుండా చెప్పాను. విప్పమని చెప్పింది నేను. ఒక ఇంగ్లీషు పుస్తకంలో చదివి చెప్పాను. మా ఇంట్లోనూ అలా విప్పరు. బియ్యం మా అత్త పెట్టింది, ఆమెకు చదువు రాదు.

నాలుగే వాక్యాలు. రెండింటిలో వ్యాకరణం కూడా తప్పింది.

ఆయన నా వైపు వంగి, మెల్లగా, విరిచి విరిచి జవాబు చెప్పాడు. ఓడలో వస్తూ తానూ ఒక ఇంగ్లీషు మర్యాదల పుస్తకం చదివాడట. కానుక అందగానే విప్పాలని అందులోనూ ఉందట. నిన్న మా పెట్టె చేతిలో పట్టుకుని విప్పుదామా వద్దా అని ఎంతో ఆలోచించాడట. చేతులు రాలేదట.

అంటే, ఒకే మర్యాద ఉన్న రెండు ఇళ్లవాళ్లం, మధ్యలో లేని ఇంగ్లీషువాడి కోసం అంత అవస్థపడ్డామన్నమాట. ఆ ఇంగ్లీషువాడు ఆ వేసవి మొదట్లోనే చింతిస్తూ మా సరుకు మానేశాడు కూడా.

చెంచాలు బాగున్నాయని కూడా అన్నాడు. రాత్రి ఒక్కడే కూర్చుని విప్పుకున్నాడట. సరుకు మాట మాత్రం ఎత్తలేదు. బండి ఎక్కి వెళ్లిపోయాడు.

మూడు వారాలు పోస్టు బంట్రోతును చూస్తే మా ఇంట్లో అందరికీ గుమ్మంలో ఏదో పని పడేది. చివరికి ఉత్తరం వచ్చింది. అందులో చెంచాలూ లేవు, బియ్యమూ లేదు. మా రేకుల్లో పలచనివి బాగున్నాయి, మందమైనవాటిలో మచ్చలు ఎక్కువ, కాబట్టి తమకు కావలసినదానిలో సగం, అదీ ఒక ఏడాదికే తీసుకుంటారు. మిగతా సగం పక్క షెడ్డుకు పోయింది. వాళ్లు ఆయనకు కానుకగా ఏమిచ్చారని మామ ఊరంతా వాకబు చేశాడు. సోడా ఇచ్చారట.

వెండి గ్లాసులు చూపించకపోతే ఆ సగం కూడా వచ్చేది కాదని మామ ఇప్పటికీ అంటాడు. వాటిలో ఇప్పుడు ఆయనే మజ్జిగ తాగుతున్నాడు.

ఉత్తరం పట్టుకుని నాన్న షెడ్డు గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాడు. "నువ్వు చెప్పమ్మా. నావల్ల కాదు," అన్నాడు. నేను లోపలికి వెళ్లి నిలబడ్డాను. కొడవళ్ల చప్పుడు ఆగింది. ఉత్తరం తెలుగులో చదివి చెప్పాను. షెడ్డు మూయరు, ఎవర్నీ మానిపించరు, కానీ పని సగమే కాబట్టి ఇరవైమంది ఒక రోజు, ఇరవైమంది మర్నాడు.

అందరికన్నా పెద్దామె తల ఎత్తింది. "సగమేనా అమ్మే?"

"సగమే."

"ఇంకా కొంచెం గట్టిగా చెప్పు. మూల కూర్చున్నోళ్లకి వినపడలా."

"సగమే," అన్నాను గట్టిగా.

"ఊఁ," అంది ఆమె. ఒడిలోని తునకలు దులుపుకుంది. "అయితే నేను శుక్రవారం రాను. సంతకి పోవాల. నన్ను శనివారంలో వెయ్యి."

"నువ్వు శనివారమైతే మరి నేనో?" అంది పక్కామె. "నీతో కాకుండా నేనెప్పుడన్నా కూర్చున్నానా?"

ఒక్కసారిగా నలభైమందీ మొదలుపెట్టారు. నేను కాగితం వెనక్కి తిప్పి, గోడకు ఆనించి, ఎవరికి ఏ రోజు కావాలో రాసుకోవడం మొదలుపెట్టాను.